ఏ మాట వాడాలి, ఎవరి మాట వినాలి: ఓరుగల్లు ప్రాంతంలో రాజకీయ పదాల వివాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం హనుమకొండ, వరంగల్, కరీంనగర్, ములుగు ప్రాంతాల్లో కరపత్రాలు, పత్రికా ప్రకటనలు, సభా నివేదికలు రాసేవారికి ఎదురయ్యేవి. జవాబుల్లో చట్టం చెప్పేదేమిటో, ఆనవాయితీ ఏమిటో, మా అభిప్రాయం ఏమిటో విడివిడిగా తెలిసేలా రాశాం.

ఒకే సంగతికి నాలుగు పేర్లుంటే ఏదో ఒకటి వాడుకోవచ్చు కదా, ఇంత తగవు దేనికి?

పేరులోనే తీర్పు ఇమిడి ఉన్నప్పుడు తగవు మొదలవుతుంది. 2014కు ముందు ప్రత్యేక రాష్ట్రం అడిగినవారు తమను తెలంగాణవాదులమని చెప్పుకొంటే, వ్యతిరేకించినవారు వారిని వేర్పాటువాదులని అనేవారు. అడిగింది రాజ్యాంగం 3వ అధికరణం కింద ఒక రాష్ట్రాన్ని; అంటగట్టిన పేరు మాత్రం దేశం నుంచే విడిపోతామన్న వారికి పెట్టే పేరు. 2014 జూన్ 2 ఇక్కడ ఆవిర్భావ దినం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజును విభజన జరిగిన రోజుగా తలచుకొంటారు. ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ఒక దశలో తెలంగాణ అనే మాటను పలకనివ్వకుండా, వెనుకబడిన ప్రాంతం అని అనమన్నారన్న ఆరోపణను ఉద్యమ సభల్లో వరంగల్ వక్తలు పదేపదే గుర్తుచేసేవారు. తమ ప్రాంతం పేరు పలకడానికే కొట్లాడవలసి వచ్చిందని నమ్మే జనానికి మాటల మీద పట్టింపు ఉండడంలో వింత లేదు.

అయితే అన్ని పేర్లూ ఒకే కోవకు చెందవు. ఒక మనిషికి లేదా ఒక సమూహానికి ఉన్న పేరు వేరు, ఒక చారిత్రక సంఘటనకు పెట్టిన పేరు వేరు, ప్రభుత్వ రికార్డులో నమోదైన పేరు వేరు. మొదటిదానిలో ఆ పేరు మోసేవారి మాట చెల్లాలి. రెండోదానిలో ఎవరి మాటా పూర్తిగా చెల్లదు. మూడోదానిలో రికార్డులో ఏముందో అదే రాయాలి, అది నచ్చినా నచ్చకపోయినా. ఈ మూడింటికీ ఒకే నియమం పెట్టబోవడం వల్లే సగం తగాదాలు పుడుతున్నాయని మా అభిప్రాయం.

సెప్టెంబరు 17ను ఏమని రాయాలి? విమోచన దినమా, విలీన దినమా, సమైక్యతా దినమా?

సెప్టెంబరు మొదటి వారం దాటాక హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలో కాసేపు కూర్చుంటే ఈ వివాదమంతా ఒక్క తెర మీద కనబడుతుంది. వెనక జాతీయ జెండా, పక్కన కాకతీయ తోరణం, కింద నాయకుల ఫొటోలకు ఖాళీ గుండ్రాలు ఉన్న నమూనా ఒకటే ఉంటుంది. దినోత్సవ శుభాకాంక్షలు అన్న అక్షరాలకు ముందుండే ఒక్క మాట మాత్రం వచ్చిన గిరాకీని బట్టి మారుతుంది.

జరిగిన సంగతుల క్రమంలో తగాదా లేదు. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు. తర్వాత సైనిక పాలన వచ్చింది. భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరులో. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు అదే నిజాం, గవర్నరు వంటి హోదాలో, రాజప్రముఖ్‌గా కొనసాగాడు.

ఈ క్రమంలో ఏ ఘట్టాన్ని ముందుకు తెస్తారన్న దాన్ని బట్టి పేరు వస్తుంది. నిజాం పాలన, ఆయన పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడులు ముగియడమే అసలు సంగతి అనుకొనేవారికి ఇది విమోచనం. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయి కాల్పుల్లో కన్నుమూసినవారి కుటుంబాలూ, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద జరిగిన దాడిలో తమవారిని పోగొట్టుకొన్నవారూ ఆ మాట వాడితే అందులో పార్టీ రాజకీయం వెతకడం అన్యాయం. సంస్థానం ఒక దేశంలో కలవడమే ప్రధానమనుకొనేవారికి ఇది విలీనం, అయితే చట్టపరంగా ఆ పని 17వ తేదీన పూర్తికాలేదని పై తేదీలు చెబుతాయి. సాయుధ పోరాటంలో ఉన్న కమ్యూనిస్టుల్లో ఒక పాయకూ, వారి రాజకీయ వారసులకూ ఇది విద్రోహం, ఎందుకంటే పారిపోయిన దేశ్‌ముఖ్‌లు సైన్యం వెనకే ఊళ్లకు తిరిగి వచ్చారన్నది వారి వాదన, ఆ పోరాటం 1951 అక్టోబరు దాకా భారత ప్రభుత్వంతోనే సాగింది. ఇక్కడ ఒక జాగ్రత్త: తెలంగాణవాదులు చాలాకాలం నవంబరు 1ని, అంటే 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజును కూడా విద్రోహ దినమనేవారు, కాబట్టి తేదీ రాయకుండా ఆ మాట ఒక్కటే రాస్తే చదివేవారు పొరబడతారు.

ప్రభుత్వాలు ఈ పేర్ల వరుసను ఇంకా పెంచాయి. 2022లో కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో హైదరాబాద్ విముక్తి దినోత్సవం జరిపితే, అదే ఉదయం రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ గార్డెన్స్‌లో తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపింది. 2024 మార్చిలో కేంద్రం ఏటా హైదరాబాద్ విముక్తి దినోత్సవం జరపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం దాన్ని ప్రజా పాలన దినోత్సవంగా జరిపింది. ఒక జెండా, ఒక తేదీ, మారిన ముఖ్యమంత్రి, మారిన పేరు.

వార్త రాసేవారికి మా సూచన ఇది. మీ సొంత వాక్యంలో 'హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి తలవంచిన 1948 సెప్టెంబరు 17' అని జరిగిన సంగతిని రాయండి. సభకు నిర్వాహకులు పెట్టిన పేరును నిర్వాహకుల పేరుతో కలిపి రాయండి. కరపత్రం రాసేవారు మాత్రం తమ పక్షం మాటనే వాడుకోవచ్చు, కరపత్రం పని అదే. కాకపోతే విమోచనం అనే మాటను హిందూ ముస్లిం తగాదాగా కుదించే రాతలు ఈ నేల చరిత్రకే సరిపడవు. రజాకార్లను ఉర్దూ పత్రికలో ఎండగట్టి 1948 ఆగస్టులో వారి చేతుల్లో హతుడైన షోయబుల్లా ఖాన్ మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టినవాడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను బలిగొన్నది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి.

'పోలీసు చర్య' అనడం తప్పా?

తప్పు కాదు, ఊళ్లలో పెద్దవారు ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు. కానీ అది నాటి భారత ప్రభుత్వం ఎంచుకొన్న మాటని గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉన్నందున, ఇది రెండు దేశాల యుద్ధం కాదని, ఇంటి వ్యవహారమని చెప్పవలసిన అవసరం ఢిల్లీకి ఉంది. పాఠ్యపుస్తకంలో 'సైనిక చర్య' అని రాసి, నాడు దాన్ని పోలీసు చర్య అన్నారని పక్కన చెబితే సరిపోతుంది.

ప్రభుత్వం ఒక పేరు ప్రకటించాక పౌరులు కూడా దాన్నే వాడాలా?

అవసరం లేదు. ప్రభుత్వ ఉత్తర్వు ప్రభుత్వ కార్యాలయాలను, అవి వేసే ఆహ్వానపత్రాలను, అవి జరిపే కార్యక్రమాలను కట్టడి చేస్తుంది. జిల్లా కలెక్టరేట్ ఆహ్వానంలో ఉత్తర్వులోని పేరే ఉంటుంది, ఉండాలి కూడా. పౌరుడు ఇంకో పేరు వాడితే శిక్షించే చట్టం లేదు. రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి ఉన్న పరిమితుల్లో 'ప్రభుత్వం ఎంచుకొన్న పేరు వాడకపోవడం' అన్నది లేదు.

హరిజన, దళిత, ఎస్సీ: వీటిలో ఏది సరైనది?

హరిజన అనే మాట వాడవద్దు. గాంధీ దాన్ని 1930ల్లో ప్రచారంలోకి తెచ్చినప్పుడే అంబేద్కర్ అభ్యంతరపెట్టారు. కుల ధ్రువీకరణ పత్రాల్లో ఆ మాట రాయవద్దని కేంద్ర హోంశాఖ 1982లోనే రాష్ట్రాలకు సూచించింది. అది నేడు అవమానకరంగా వాడే మాటయిందని 2017లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. ఇంత జరిగినా మన మండలాల్లో ఇంటి చిరునామాల్లోనూ, కొన్ని బడుల బోర్డుల మీదా హరిజనవాడ అనే రాత ఇంకా కనబడుతుంది. ఎవరూ కావాలని నిలబెట్టింది కాదు, ఎవరికీ తుడిచే తీరిక లేనిది. మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో కులాల పేరుతో ఉన్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. ఇక్కడ గ్రామసభ తీర్మానం ద్వారా ఎవరైనా ఆ పని మొదలుపెట్టవచ్చు.

దళిత అనే మాట సంగతి వేరు. 2018 మార్చిలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ అధికారిక వ్యవహారాల్లో షెడ్యూల్డ్ కులాలు అనే వాడాలని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో సమాచార శాఖ టీవీ ఛానెళ్లకు దళిత అనే మాట మానుకోవాలని సలహా పంపింది. దాన్ని పూర్తిగా నిషేధించడం సరికాదని తర్వాత ప్రెస్ కౌన్సిల్ అభిప్రాయపడింది. మూడేళ్లకు, 2021 ఆగస్టులో, తెలంగాణ ప్రభుత్వం హుజూరాబాద్‌లో కుటుంబానికి 10 లక్షల రూపాయలిచ్చే పథకాన్ని దళిత బంధు పేరుతోనే మొదలుపెట్టింది. ఈ మాటను పుట్టించి మోసినది ఉద్యమం, ఆఫీసు కాదు. దాన్ని మానుకోమని చెప్పే హక్కు ఆ ఉద్యమంలో లేనివారికి ఎలా వస్తుందన్నది అంబేద్కర్‌వాదుల ప్రశ్న, ఆ ప్రశ్నకు బలమైన జవాబును మేమింతవరకు వినలేదు. అయితే ఆ వర్గాల్లోనే కొందరు దళిత అంటే అణగినవాడన్న భావం పదేపదే గుర్తుచేయడం ఇష్టంలేక ఎస్సీ అనో, మాల, మాదిగ అని సూటిగా కులం పేరో చెప్పుకోవడానికి ఇష్టపడతారు. వారి విషయంలో వారు కోరిన మాటే వాడాలి.

ఈ వెతుకులాట తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాజన సభగా పేరు మార్చుకొంది. హైదరాబాద్ సంస్థానంలో ఆయన ఆది హిందూ అనే పేరుకోసం పనిచేశారు. పేరు ఎవరు పెట్టాలన్న ప్రశ్న అప్పుడే తేలింది. తేలలేదనేవారు దాన్ని పట్టించుకోనివారే.

దరఖాస్తుల్లో, కోర్టు కాగితాల్లో, జీవోల్లో మాత్రం షెడ్యూల్డ్ కులం అనే రాయాలి. అక్కడ హక్కు ఆ మాటకే కట్టి ఉంటుంది. ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచవచ్చన్న 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాష్ట్రంలో వర్గీకరణ చట్టం కూడా వచ్చింది కనుక, ఉపకులం పేరు సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్లుగా రాయడం ఇప్పుడు మరీ అవసరం.

కులం పేరు పలికినంత మాత్రానే అట్రాసిటీ కేసు అవుతుందా?

కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోని 3(1)(ఎస్) ప్రకారం, ఆ వర్గాలకు చెందనివారు ఆ వర్గాలకు చెందినవారిని ప్రజలు చూసే లేదా వినే చోట కులం పేరుతో తిట్టడం నేరం. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనిచోట అన్నమాటకు ఆ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. అంతమాత్రాన ఇంట్లో తిట్టవచ్చని కాదు, అది వేరే సంగతి. మరోవైపు, పేరు చివర మాదిగ అని గర్వంగా పెట్టుకొనే ఆనవాయితీని ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగలు నడిపిన దండోరా ఉద్యమం 1994 నుంచి వ్యాపింపజేసింది. అలా పెట్టుకొన్నవారిని వేదిక మీద పూర్తి పేరుతో పిలవడం మర్యాద, ఆ చివరి మాటను మింగేయడమే అమర్యాద.

ఆదివాసీ, గిరిజన, వనవాసి మధ్య తేడా పార్టీలదేనా?

చాలామటుకు. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ అనే మాటకోసం పట్టుబట్టారు, రాజ్యాంగంలో షెడ్యూల్డ్ తెగలు అనే మాట నిలిచింది. ఆది అనే ముక్కలో ఈ భూమికి మేమే మొదటివారమన్న హక్కు ఉంది, వనవాసి అనే మాట వాడే సంస్థలకు ఆ హక్కు వాదన మీదే అభ్యంతరం. గిరిజన అనేది మన ఆఫీసుల మాట, ములుగులోని కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరులోనూ అదే ఉంది.

ఉత్తర తెలంగాణలో ఇంకో చిక్కు ఉంది. 1976 సవరణ చట్టంతో తెలంగాణలోని లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఆ చేరికను వ్యతిరేకించే గోండు, కోయ, కొలాం సంఘాలు ఆదివాసీ అనే మాటను తమకే పరిమితం చేసి వాడతాయి, ముఖ్యంగా 2017లో ఆదిలాబాద్‌లో ఆందోళనలు చెలరేగాక. కాబట్టి 'ఆదివాసీలు ఆందోళన చేశారు' అని రాసేటప్పుడు ఏ తెగవారో చెప్పకపోతే ఆ వాక్యం సగం అబద్ధమవుతుంది. వీలైనంతవరకు తెగ పేరే రాయండి.

వికలాంగులా, దివ్యాంగులా?

దివ్యాంగ అనే మాటను ప్రధానమంత్రి 2015 డిసెంబరులో ఆకాశవాణి ప్రసంగంలో సూచించారు, కేంద్ర శాఖల హిందీ పేర్లలోకి అది చేరింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంగ్లిషు పాఠంలో అటువంటి దైవత్వం ఏదీ లేదు, వైకల్యం గల వ్యక్తులు అన్న అర్థమే ఉంది. మాకు దివ్యశక్తులు వద్దు, ర్యాంపు కావాలి అని హక్కుల సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. ఇక్కడ పింఛను కోసం ధర్నాకు కూర్చొనే సంఘాల బ్యానర్ల మీద ఈనాటికీ వికలాంగుల అనే మాటే ఎక్కువ. 2023 జులై నుంచి ఆ పింఛను 4,016 రూపాయలయింది, ఎన్నికల్లో 6,000 హామీ వచ్చింది, వారి వాదమంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతోంది. ఎదుటివారు ఏమని పిలవమంటే అలా పిలవండి. సాధారణ రాతలో వైకల్యం ఉన్నవారు అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

ప్రసంగాలు రాసేవారు గమనించవలసిన సంగతి ఇంకొకటి. గుడ్డి ప్రభుత్వం, కుంటి సాకులు, చెవిటి ముఖ్యమంత్రి లాంటి తిట్లు మానుకోవాలని 2023 డిసెంబరులో ఎన్నికల సంఘం పార్టీలకు మార్గదర్శకాలిచ్చింది. తెలుగు వక్తృత్వంలో సగం అలంకారాలు ఇటువంటివే కనుక కొంత కష్టపడవలసిందే.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో?

కొజ్జా, పేడి వంటి మాటలు పూర్తిగా మానుకోవాలి. హిజ్రా అన్నది ఒక సంప్రదాయ సమాజం పేరు, అందులో లేనివారికి దాన్ని అంటగట్టకూడదు. నిజాం కాలపు నపుంసకుల చట్టం, 1329 ఫస్లీ (అంటే 1919) నాటిది, వారిని పుట్టుకతోనే అనుమానితులుగా చూసి పోలీసు రిజిస్టరులో పెట్టమన్నది, తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసేదాకా పుస్తకాల్లో మిగిలే ఉంది. ఒక మాట చట్టమైతే ఎంత దూరం పోతుందో తెలియడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

'తెలంగాణ యాస' అంటే కొందరు కోపగించుకొంటారు. ఎందుకు?

యాస అనగానే అసలు భాష ఇంకెక్కడో ఉందని, ఇది దాని వంకర అని ధ్వనిస్తుంది. ఉత్తర తెలంగాణ బడుల్లో చదివిన ఒక తరంవారి నోటుపుస్తకాల్లో 'మేం చెరువుల ఈత కొట్టినం' అన్న వాక్యంలో రెండుచోట్ల ఎర్రసిరా గీత పడేది, పైన 'చెరువులో', 'కొట్టాము' అని దిద్దుబాటు ఉండేది. అదే పిల్ల సినిమాకు వెళితే తన ఇంటి మాటను రౌడీనోటో, జోకర్‌నోటో వినేది. మాటల మీద పహారా అనగానే ఇప్పటి విశ్వవిద్యాలయాలు, హక్కుల సంఘాలు గుర్తుకువచ్చేవారు, ఈ ఎర్రసిరాను ఆ లెక్కలో వేయరు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గ్రాంథికవాదులు వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మీద చేసిన విమర్శలూ ఇలాంటివే. గెలిచిన వ్యావహారికం కోస్తా జిల్లాల చదువుకొన్నవారి పలుకును ప్రమాణంగా తీసుకోవడంతో, ఒక పహారా పోయి ఇంకోటి వచ్చింది. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. వరంగల్ గడ్డ మీద బతికిన కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది. రెండు తేదీల మధ్య పదకొండు రోజులే ఉన్నా వాటి మధ్యనున్న రాజకీయం చాలా పెద్దది.

తెలంగాణ తెలుగు అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అయితే ఎదురు పహారా కూడా ఇప్పుడు మొదలైంది. వేదిక మీద ఎవరైనా 'వచ్చాడు' అంటే వీడు మనోడు కాదని గుసగుసలాడడం, ఎన్నికల్లో ప్రత్యర్థి పలుకుబడిని బట్టి అతని స్థానికతను తేల్చడం, పాత అవమానానికి మందు కావు. ఈ పుట కూడా పుస్తకాల తెలుగులోనే ఉందికదా అని ఎత్తిపొడిచేవారుంటారు. నిజమే, చట్టాలూ తేదీలూ నాలుగు జిల్లాలవారికి ఒకేలా అందాలని అలా రాశాం.

సెట్లర్లు, ఆంధ్రోళ్లు అనవచ్చా?

నిజామాబాద్‌లో నిజాంసాగర్ ఆయకట్టు కింద క్యాంపుల పేరుతో ఊళ్లు కట్టుకొన్న కోస్తా రైతుల మూడో, నాలుగో తరం ఇప్పుడు ఓటర్లు. 1931లో పూర్తయిన ప్రాజెక్టు కింద తాత ముత్తాతల కాలం నుంచి సాగుచేసేవారిని సెట్లర్లనడం వాస్తవానికి దూరం. ఎన్నికల విశ్లేషణలో 'కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు' అని అవసరమైతేనే రాయండి. ఉద్యమకాలపు నినాదాలను ఉటంకించేటప్పుడు నాటి మాటను ఉన్నదున్నట్టు ఉంచాలి, శుభ్రం చేసి రాయడం చరిత్రను మార్చడమే.

అన్నలు, నక్సలైట్లు, మావోయిస్టులు, తీవ్రవాదులు: వార్తలో ఏది?

సంస్థ పేరు తెలిస్తే సంస్థ పేరే. పీపుల్స్‌వార్ 1980లో ఏర్పడింది, 2004 సెప్టెంబరులో విలీనంతో మావోయిస్టు పార్టీ వచ్చింది, కనుక 1990ల సంఘటనకు మావోయిస్టులని రాయడం కాలదోషం. అన్నలు అన్నది ఊరి మాట, అందులో కొంత భయం, కొంత చనువు, కొంత మర్యాద కలిసి ఉన్నాయి, ఊరివారి మాటగా ఉటంకిస్తేనే అది నిలుస్తుంది. అర్బన్ నక్సల్ అన్నది చట్టంలో నిర్వచనం ఉన్న మాట కాదు, అన్నవారి పేరు లేకుండా రాయకూడదు.

ఇంతకంటే బరువైన చిక్కు ఎన్‌కౌంటర్ అనే మాటతో ఉంది. పోలీసు ప్రకటనలో ఎదురుకాల్పులు, పౌరహక్కుల సంఘాల ప్రకటనలో బూటకపు ఎన్‌కౌంటర్. రెండూ తీర్పులే. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పోలీసు కాల్పుల్లో ఎవరైనా మరణిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలి, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందం దర్యాప్తు చేయాలి, మెజిస్టీరియల్ విచారణ జరగాలి. ఆ విచారణ తేలేవరకు 'పోలీసు కాల్పుల్లో మరణించారు, ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు, పట్టుకొని కాల్చారని ఫలానా సంఘం చెబుతున్నాయి' అని రాయడమే నిజాయితీ. వాక్యం పొడవవుతుంది, అవనివ్వండి.

ఉద్యమంలో ప్రాణాలు తీసుకొన్నవారిని అమరులనాలా?

1969లో పోలీసు కాల్పుల్లో పోయినవారిని, 2009 తర్వాత తమ ప్రాణం తామే తీసుకొన్నవారిని ఇక్కడి స్మారకాలు ఒకే అమరవీరుల పేరుతో కలిపాయి. కుటుంబాలకు ఆ మాట ఓదార్పు, స్తూపం దగ్గర దాన్ని సరిదిద్దబోవడం క్రూరత్వం. పత్రిక సంగతి వేరు. ఆత్మహత్యను గొప్పచేసే భాష మరికొందరికి ప్రేరణ అవుతుందనే ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు తీసుకొచ్చింది. ఆత్మబలిదానం అనే మాట కొత్త వార్తలో వాడకూడదన్నది మా ఖాయమైన అభిప్రాయం, రాసేవారు ఏ పార్టీవారైనా సరే.

సభ రికార్డుల నుంచి తొలగించిన మాటను మనం రాయవచ్చా?

లోక్‌సభలో 380వ నియమం కింద స్పీకర్ తొలగించిన మాటలను ప్రచురిస్తే సభాహక్కుల సమస్య రావచ్చు, శాసనసభలోనూ పద్ధతి ఇంచుమించు అదే. 2022 జులైలో లోక్‌సభ సచివాలయం వేసిన జాబితాలో జుమ్లాజీవి (ఉత్తుత్తి హామీలతో బతికేవాడు) వంటి మాటలుండడంతో దుమారం రేగింది, ఏ మాటనూ నిషేధించలేదని, సందర్భాన్ని బట్టే తొలగిస్తామని స్పీకర్ వివరణ ఇచ్చారు. ప్రత్యక్ష ప్రసారంలో అందరూ విన్నాక తొలగించడం లాంఛనమే, కానీ ఆ లాంఛనాన్ని దాటేముందు మీ సంపాదకుడిని అడగండి.

మాట దిద్దడం ఎప్పుడు అతి అవుతుంది?

అసలు సంగతిని అది పక్కకు నెట్టినప్పుడు. గ్రామసభలో ఒక ముసలి కూలీ లేచి 'హరిజనవాడకు వారం సంది నీళ్లొస్తలేవు సారూ' అంటాడు. వేదిక మీదున్న చదువుకొన్న యువనాయకుడు 'తాతా, ఆ మాట అనొద్దు, అది అవమానం' అని మైకులో ఐదు నిమిషాలు వివరిస్తాడు. చప్పట్లు పడతాయి. కార్యదర్శి రిజిస్టరులో తర్వాతి అంశం రాసుకొంటాడు. నీళ్ల సంగతి ఎక్కడా నమోదు కాదు. ఆ ముసలాయన ఆ వాడవాడే, తన వాడకు తనకు తెలిసిన పేరు చెప్పాడు. ముందు నీళ్ల ఫిర్యాదు రాయించి, సభ అయ్యాక పేరు మార్చే తీర్మానం పెట్టి ఉంటే రెండు పనులూ అయ్యేవి.

ఎదుటి పార్టీవారి నోటిని మాత్రమే దిద్ది, తమ నాయకుడి నోటికి మౌనం పాటించేవారి పట్టింపును కూడా అంతే లెక్కలో చూడాలి. అలాగని వారు ఎత్తిచూపిన తప్పు తప్పు కాకుండా పోదు. అన్న మాటను ఒప్పుకొని మార్చుకొని, అడిగినవారి ద్వంద్వనీతిని అదే సభలో నిలదీయవచ్చు.

అభ్యంతరకరమైన మాట రాశారని పోలీసు కేసు పెడతామంటే?

ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది, ఆ పేరుతో బెదిరిస్తే బెదరనక్కరలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం 196వ సెక్షన్, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం 299వ సెక్షన్. విమోచనమన్నా, విలీనమన్నా ఈ రెండింటిలో ఏదీ తగలదు. సందేహముంటే న్యాయవాదిని సంప్రదించండి.

టీఎస్, టీజీ, వరంగల్ అర్బన్: పాత రాతలన్నీ మార్చాలా?

వద్దు. కొత్త వాహనాలకు టీజీ సంకేతం 2024 మార్చి నుంచి వచ్చింది, పాత టీఎస్ బండ్లు అలాగే చెల్లుతాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు 2021 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ జిల్లాలయ్యాయి. ఈ మధ్యకాలపు పత్రాన్ని ఉటంకించేటప్పుడు అందులోని పేరు రాసి, పక్కన 'నేటి హనుమకొండ' అని చేర్చండి. రూరల్ అన్నది నేటి వరంగల్ జిల్లా అయింది కనుక, 2021కి ముందు కాగితంలో ఒట్టి వరంగల్ అని కనబడితే అది ఏ జిల్లానో మండలం పేరు చూసి తేల్చుకోవాలి.